గ్రీన్ టీ తాగితే కడుపు పండుతుందా?

"డాక్టరుగారూ, గ్రీన్ టీ తాగితే తొందరగా నెల తప్పుతుందటగా?" అని ఒకావిడ సోమవారం అడిగారు. "గ్రీన్ టీ తాగితే పిల్లలు పుట్టరటగా, మానేయమంటారా?" అని ఇంకొకావిడ అదే వారం గురువారం అడిగారు. ఇద్దరూ ఫోన్‌లో వచ్చిన వీడియోలే చూశారు. ఒకరికి ఆశ పంచిన వీడియో వచ్చింది, మరొకరికి భయం పంచింది. ఇద్దరి చేతిలో ఉన్నది మాత్రం అదే కప్పు.

నేను గైనకాలజిస్టుని కాను, ఫిజీషియన్‌ని. పిల్లల కోసం ఎదురుచూసే జంటలు నా గదికి నేరుగా రారు. నీరసమనీ, జుట్టు రాలుతోందనీ, థైరాయిడ్ అనీ, బరువు పెరిగానమ్మా అనీ వస్తారు. మాటల్లో మాటగా అసలు బాధ బయటపడుతుంది. పెళ్లయి మూడేళ్లయింది, నాలుగేళ్లయింది అంటారు. ఏమేం తింటున్నారు, ఏం తాగుతున్నారు అని అడిగితే ఈ మధ్య పదిలో నాలుగైదు ఇళ్ల నుంచి వినిపిస్తున్న మాట గ్రీన్ టీ. అందుకే ఈ వారం దాని సంగతి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

సూటిగా చెప్పాలంటే, రోజుకు ఒకటి రెండు కప్పుల గ్రీన్ టీ వల్ల గర్భం రావడం ఆగిపోదు. గ్రీన్ టీ తాగినందువల్ల గర్భం వస్తుందనడానికీ గట్టి రుజువు లేదు. కానీ దాన్ని ఎప్పుడు తాగుతున్నారు, దేంతో కలిపి తాగుతున్నారు, ఎన్ని కప్పులు తాగుతున్నారు అన్నదాంట్లో మాత్రం పట్టించుకోవాల్సిన విషయం ఉంది. వీడియోల్లో ఎవరూ చెప్పనిది అదే.

కప్పులో ఏముంది?

చాలామంది గ్రీన్ టీ అంటే అదేదో వేరే మూలిక అనుకుంటారు. కాదు. మనం పాలు, పంచదార వేసి మరిగించుకునే టీ పొడి ఏ మొక్క నుంచి వస్తుందో, గ్రీన్ టీ కూడా ఆ మొక్క ఆకే. కోసిన ఆకును నలిపి గాలికి వదిలేస్తే రంగు మారి నల్ల టీ అవుతుంది. అలా మారకముందే ఆవిరి పట్టో, వేయించో ఆరబెడితే గ్రీన్ టీ. రంగు మారకపోవడం వల్ల ఆకులోని కాటెకిన్లు అనే పదార్థాలు ఎక్కువగా నిలిచి ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. యాంటీఆక్సిడెంట్లు అంటూ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేది దీని గురించే.

అంటే గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది. "నేను కాఫీ, టీ పూర్తిగా మానేశానండీ, గ్రీన్ టీయే తాగుతున్నా" అని గర్వంగా చెప్పేవారికి ఈ సంగతి చెబితే ముఖం చిన్నబోతుంది. మామూలు టీ కంటే కొంచెం తక్కువే, కానీ లేకుండా పోలేదు. ఒక కప్పులో సుమారు 30 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు. ఎంతసేపు నానబెట్టారన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఆశ ఎక్కడిది? భయం ఎక్కడిది?

ఈ రెండు ప్రచారాలూ గాల్లోంచి పుట్టలేదు. రెండింటి వెనకా నిజమైన పరిశోధనలే ఉన్నాయి. వాటిని సగం చదివి వీడియో చేయడం దగ్గరే గొడవ వచ్చింది.

1988లో అమెరికాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 104 మంది స్త్రీలను గమనించారు. రోజుకు ఒక కప్పు కాఫీకి సమానమైన కెఫీన్ కంటే ఎక్కువ తీసుకున్నవారికి ఏ నెలకానెల గర్భం వచ్చే అవకాశం మిగతావారిలో సగమే ఉందని తేల్చారు. అది పెద్ద వైద్య పత్రికలో రావడంతో ప్రపంచమంతా కాఫీ కప్పులు పక్కన పెట్టింది. సరిగ్గా పదేళ్లకు, 1998లో, కాలిఫోర్నియా స్త్రీల మీద చేసిన ఇంకో అధ్యయనం వచ్చింది. రోజుకు అరకప్పు, ఆపైన టీ తాగేవారికి గర్భం వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు ఉన్నట్టు అందులో కనిపించింది. ఇక చూడండి, టీ తాగితే పిల్లలు అన్న మాట అక్కడి నుంచి మొదలైంది. వాళ్లు అన్నది టీ. ప్రత్యేకంగా గ్రీన్ టీ అని కాదు. ఆ మాటకు 'గ్రీన్' తర్వాత అతుక్కుంది.

ఆ తర్వాత 2012లో డెన్మార్క్ పరిశోధకులు పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 3,600 మందికి పైగా స్త్రీల వివరాలు సేకరించారు. మొత్తంగా కెఫీన్‌కూ గర్భం ఆలస్యం కావడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. రోజుకు రెండు కప్పులు, ఆపైన టీ తాగేవారికి కాస్త త్వరగా గర్భం వచ్చింది. కూల్‌డ్రింకులు తాగేవారికి కాస్త ఆలస్యమైంది. దీన్ని చూసి టీ గొప్ప, కూల్‌డ్రింక్ చెడ్డ అని ఒక్క గీత గీసేయకండి. టీ తాగేవాళ్ల తిండి, వయసు, బరువు, పొగ అలవాటు ఇవన్నీ కూల్‌డ్రింకు తాగేవాళ్లతో సమానంగా ఉండకపోవచ్చు. పరిశోధకులు అలాంటి తేడాలను లెక్కలోకి తీసుకుంటారు కానీ పూర్తిగా చెరిపేయలేరు. గొడుగు పట్టుకున్నవాళ్ల ఊళ్లోనే వాన పడింది కాబట్టి గొడుగు వల్లే వాన వచ్చిందంటామా?

ఇక భయం సంగతి. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖలో చేసిన ప్రయోగంలో గ్రీన్ టీ పదార్థాలు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు సంతానం తగ్గింది, పుట్టినవి ఎదగడం ఆలస్యమైంది. ఎవరికి? ఈగలకి. అరటిపండు ముగ్గితే దాని చుట్టూ ముసిరే బుల్లి ఈగలుంటాయే, వాటికి. మాకు తెలిసిన జీవుల్లో ప్రయోగశాలకు ఎంతో పనికొచ్చిన జీవి అది, కాదనను. కానీ దాని ఒంటి బరువుకు ఇచ్చిన మోతాదును మనిషికి లెక్కగట్టి 'గ్రీన్ టీ తాగితే పిల్లలు పుట్టరు' అని శీర్షిక పెట్టడం అన్యాయం. ఆ శీర్షిక చూసే రెండో ఆవిడ భయపడింది.

మరి కెఫీన్ ఎంతవరకు?

కెఫీన్ గురించి ఇప్పటి వైద్య సంఘాల మాట మొత్తంగా ఇలా ఉంది: రోజుకు ఒకటి రెండు కప్పుల కాఫీకి సమానమైన కెఫీన్ వల్ల గర్భం రావడానికి ఇబ్బంది ఉన్నట్టు కనబడదు. రోజుకు 500 మిల్లీగ్రాములు, అంటే ఐదు కప్పుల పైమాట అయినప్పుడు గర్భధారణ అవకాశం తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. గర్భం వచ్చాక 200 మిల్లీగ్రాములు దాటొద్దని చాలా దేశాల్లో చెబుతారు. గర్భం వచ్చిన సంగతి మనకు తెలిసేసరికే రెండు మూడు వారాలు గడిచిపోతాయి కాబట్టి, ప్రయత్నంలో ఉన్నప్పటి నుంచే ఆ 200 గీతలో ఉండమని నేను చెబుతుంటాను.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో లెక్కలున్నాయి. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. ఈ లెక్క ప్రకారం పొద్దున ఒక ఫిల్టర్ కాఫీ, సాయంత్రం ఒక కప్పు గ్రీన్ టీ తాగే స్త్రీ నిశ్చింతగా ఉండొచ్చు. పొద్దున ఫిల్టర్ కాఫీ, పదకొండింటికి ఆఫీసులో మెషీన్ కాఫీ, మధ్యాహ్నం గ్రీన్ టీ, నాలుగింటికి మళ్లీ టీ, రాత్రి 'బరువు తగ్గడానికి' ఇంకో గ్రీన్ టీ అయితే మాత్రం గీత దాటేసినట్టే. ఆ రాత్రి కప్పు నిద్రను కూడా తినేస్తుంది.

అసలు చిక్కు ఇనుము దగ్గర

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి కారణమైన విషయానికి వస్తాను.

మా ఓపీకి ఒక అమ్మాయి వచ్చింది. వయసు 31. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. హిమోగ్లోబిన్ చూస్తే 7.6. ఆడవాళ్లకు 12 దాటి ఉండాలి. 8 కంటే తక్కువంటే తీవ్రమైన రక్తహీనత. "ఐరన్ మాత్రలు వాడుతున్నావా?" అంటే, "ఆరు నెలలుగా ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకుంటున్నాను సార్" అంది. మరి రక్తం ఎందుకు పట్టలేదు? నెలసరిలో రక్తస్రావం మరీ ఎక్కువేం కాదు. నులిపురుగుల మందు వేసుకుంది. మాత్ర ఎలా వేసుకుంటున్నావని అడిగాను. "టిఫిన్ తినగానే, గ్రీన్ టీతో" అంది. పిల్లలు కలగడానికి మంచిదని అత్తగారు ఎక్కడో చూసి చెప్పారట. పొద్దున టిఫిన్‌తో, మధ్యాహ్నం భోజనం అవగానే, సాయంత్రం, రాత్రి భోజనం తర్వాత, ఇలా రోజుకు ఐదారు కప్పులు. కోడలు మాట కాదనలేదు. పైగా అత్తగారు స్వయంగా కాచి ఇస్తున్నారు. ఆమె ప్రేమలో లోపం లేదు. లోపమల్లా వేళలో ఉంది.

టీలోని టానిన్లు, కాటెకిన్లు పేగులో ఇనుమును పట్టుకుని వదలవు. రెండూ కలిసి ఒంటికి పట్టని ముద్దలా తయారై బయటికి పోతాయి. మీలో బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇది కళ్లారా తెలిసే ఉంటుంది. ఇనుము ఎక్కువున్న నీళ్లతో టీ పెడితే సిరాలా నల్లబడుతుంది. పాతకాలంలో సిరా తయారీకి వాడిన కిటుకు కూడా దాదాపు ఇదే, ఇనుము, టానిన్ కలపడం. కప్పులో జరిగేదే కడుపులోనూ జరుగుతుంది.

మాంసం, చేపల్లోని ఇనుముకు ఈ ఇబ్బంది తక్కువ. తోటకూర, పప్పులు, రాగులు, బెల్లం, మాత్రలు వీటి ఇనుముకే ఎక్కువ. భోజనంతోపాటు టీ తాగితే శాకాహారంలోని ఇనుము ఒంటపట్టడం సగానికి పైగా పడిపోయినట్టు ప్రయోగాల్లో చూశారు. బ్రిటన్‌లో 2017లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో భోజనమయ్యాక గంట ఆగి టీ తాగితే ఆ నష్టం సుమారు సగానికి తగ్గింది. మన 2024 మార్గదర్శకాలు కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దనే చెబుతున్నాయి. గంట ఆగడానికి డబ్బు ఖర్చవదు.

ఇదంతా సంతానానికి ఏమిటి సంబంధం అంటారా? ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారు. సగం మందికి పైగా. పిల్లల కోసం ప్రయత్నించే వయసు ఇదే. అమెరికాలో నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఐరన్ మాత్రలు వాడేవారిలో అండం విడుదల సరిగా లేక వచ్చే సంతానలేమి తక్కువగా కనిపించింది. అది కూడా గమనించి చెప్పిన మాటే, పూర్తి రుజువు కాదు. దాన్ని పక్కన పెట్టినా, 7.6 హిమోగ్లోబిన్‌తో గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ ఎంత ప్రమాదమో ఏ లేబర్ రూమ్ నర్సునడిగినా చెబుతుంది. నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ, కాన్పులో కాస్త రక్తం పోయినా తట్టుకోలేని తల్లి.

ఆ అమ్మాయికి గ్రీన్ టీ మానమని చెప్పలేదు. సాయంత్రం నాలుగున్నరకు ఒకటి చాలన్నాను. మాత్రను పొద్దున టిఫిన్‌కు ముందు నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నాను. రెండు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 10 దాటింది. కొత్త మందేమీ రాయలేదు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర సంగతి

దీన్ని ఇంకా తక్కువమంది పట్టించుకుంటారు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం అండం ఫలదీకరణ చెందిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అంటే నెల తప్పిందని మీరు కిట్ కొని చూసుకుని, అమ్మకు ఫోన్ చేసి, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకునేలోపే ఆ పని అయిపోతుంది. ఫోలిక్ యాసిడ్ తక్కువైతే ఆ గొట్టం సరిగా మూసుకోకపోవచ్చు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రచురించిన ప్రయోగంలో, ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు ముందుగానే ఫోలిక్ యాసిడ్ ఇస్తే మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. వైద్యంలో ఇంత తేటతెల్లమైన ఫలితాలు అరుదు. అందుకే గర్భం కోసం ప్రయత్నించే ప్రతి స్త్రీ, కనీసం నెల ముందు నుంచీ రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. షుగర్, మూర్ఛ మందులు, ఇంతకుముందు అలాంటి కాన్పు ఉన్నవారికి మోతాదు వేరు, డాక్టరు చెప్పాలి.

శరీరం ఫోలేట్‌ను వాడుకోదగ్గ రూపంలోకి మార్చే ఎంజైమ్‌ను ఈజీసీజీ అడ్డుకుంటుందని ల్యాబ్ పరీక్షల్లో చూశారు. ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఫోలిక్ యాసిడ్‌ను నీళ్లతో ఒకసారి, గ్రీన్ టీతో ఒకసారి ఇచ్చి చూస్తే, టీతో ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరిన మోతాదు తగ్గింది. కాబట్టి మాత్రను మంచినీళ్లతో వేసుకుని, టీకి కనీసం గంటా రెండు గంటలు ఎడం ఇవ్వండి. గ్రీన్ టీ తాగినంత మాత్రాన బిడ్డకు లోపం వస్తుందని దీనర్థం కాదు. వేసుకునే మాత్ర వృథా కాకుండా చూసుకోవడమే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికీ ఇదే మాట. పరగడుపున మాత్ర నోట్లో వేసుకుని, అదే చేత్తో గ్రీన్ టీ కప్పు అందుకునేవాళ్లు ఎందరో. థైరాయిడ్ అదుపులో లేకపోతే నెలసరి గతి తప్పుతుంది, అండం విడుదల దెబ్బతింటుంది. మాత్ర నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగండి.

క్యాప్సూళ్ల జోలికి వెళ్లకండి

కప్పుకూ క్యాప్సూల్‌కూ చాలా తేడా ఉంది. ఎక్కువ మోతాదు గ్రీన్ టీ సారాన్ని కుదించి క్యాప్సూళ్లుగా, పొడులుగా అమ్ముతున్నారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో పరిశీలించి, ఇలాంటి సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ తీసుకుంటే కాలేయం దెబ్బతింటున్న సూచనలు రక్తపరీక్షల్లో కనబడుతున్నాయని చెప్పింది. మామూలుగా కాచుకుని తాగే టీ గురించి ఆ భయం లేదు. మా వార్డులో కామెర్లతో చేరినవారిని 'ఏమేం వాడారు' అని అడిగితే మొదట అందరూ 'ఏం లేదండీ' అంటారు. రెండోరోజు ఇంటివాళ్లు సంచీలోంచి డబ్బా తీస్తారు. బరువు తగ్గితే గర్భం వస్తుందని ఎవరో చెప్పగా కొన్న డబ్బాలు కూడా వాటిలో ఉంటాయి. ఏ డబ్బా వాడుతున్నా తెచ్చి చూపించండి, మేం తిట్టం. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆ రోజే ఆపేసి ఆసుపత్రికి రండి.

'స్లిమ్మింగ్ టీ' అని అమ్మేవాటిలో కొన్నిటిలో నేల తంగేడు ఆకు ఉంటుంది. అది విరేచనకారి. తూకంలో తగ్గేది కొవ్వు కాదు, నీళ్లు.

పీసీఓఎస్, గడ్డలు

పీసీఓఎస్ ఉన్న స్త్రీల మీద గ్రీన్ టీతో చిన్న చిన్న ప్రయోగాలు జరిగాయి. కొన్నింటిలో బరువు కాస్త తగ్గింది, కొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా చాలామందిలో నెలసరి గాడిన పడుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు. అన్నం కుప్ప తగ్గించి, రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే అయ్యే పని. మూడు చపాతీల మీద నెయ్యి వేసుకుని, పైన గ్రీన్ టీ తాగితే అయ్యేది కాదు.

గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డల మీద మాత్రం గ్రీన్ టీ సారంతో కాస్త ఆసక్తికరమైన పని జరుగుతోంది. 2013లో ఈజిప్టులో చేసిన చిన్న ప్రయోగంలో గడ్డల పరిమాణం తగ్గింది. అమెరికాలోనూ పిల్లల కోసం చూస్తున్న స్త్రీలలో దీన్ని పరీక్షించే ప్రయోగం చేపట్టారు. అది డాక్టర్ల పర్యవేక్షణలో, కాలేయ పరీక్షలు చేస్తూ ఇచ్చే మోతాదు. ఇంట్లో కప్పుతో దాన్ని అందుకోలేం, అందుకోకూడదు కూడా.

కప్పు ఆమెకే ఎందుకు?

నా గదిలో ఇంతవరకు ఒక్క మగవాడు కూడా "పిల్లల కోసం గ్రీన్ టీ తాగుతున్నాను" అనలేదు. తాగేది, మానేది, పథ్యం చేసేది, గుళ్లకు తిరిగేది అంతా ఆమే. సంతానలేమి జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు నుంచి కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. అయినా మొదట స్కానింగ్‌కు వెళ్లేది ఆమే, గొట్టాల పరీక్షకు వెళ్లేది ఆమే. ఆయనకు చేయాల్సింది ఒక్క వీర్య పరీక్ష. సూది కూడా ఉండదు. దానికి మాత్రం నెలలు గడుస్తాయి. "మా వాడికేం, బండలా ఉన్నాడు" అంటారు పెద్దలు. బండలా ఉండటానికీ వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు.

వీర్యకణాల మీద గ్రీన్ టీ ఏం చేస్తుందంటే, గాజు పలక మీద ఈజీసీజీ తక్కువ మోతాదులో కలిపితే కదలిక మెరుగైనట్టు, ఎక్కువైతే తగ్గినట్టు ల్యాబ్‌లలో చూశారు. గాజు పలక మీద జరిగింది శరీరంలో జరగాలని లేదు. మగవారికి నేను చెప్పేది వేరు: సిగరెట్, గుట్కా మానండి, మందు తగ్గించండి, పొట్ట తగ్గించండి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోకండి, జిమ్‌లో ఎవరో ఇచ్చిన టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ అసలే వద్దు. ఆ చివరిది వీర్యకణాల ఉత్పత్తినే ఆపేస్తుంది.

ఎంతకాలం ఎదురుచూడాలి?

ఆరోగ్యంగా ఉన్న యువ జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగో వంతుకు మించదు. ఏడాదిలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా వస్తుంది. కాబట్టి మూడు నెలలకే బెంగపడక్కర్లేదు. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యమైనవి. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే చాలు. 28 రోజుల నెలసరి ఉన్నవారిలో అది సుమారు 9వ రోజు నుంచి 14వ రోజు దాకా.

ఏడాది ప్రయత్నించినా రాకపోతే ఇద్దరూ డాక్టరును కలవాలి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే, ఇంతకుముందు టీబీ గానీ, పొత్తికడుపు ఆపరేషన్ గానీ అయి ఉంటే అసలు ఆగవద్దు. ఇక్కడే నాకు కోపం వస్తుంది. 'ముందు ఈ టీ ఆరు నెలలు తాగి చూడండి, ఈ కషాయం ఇంకో ఆరు నెలలు' అంటూ 33 ఏళ్ల ఆవిడ చేత రెండేళ్లు వృథా చేయించేవాళ్లున్నారు. టీ వల్ల ఆమెకు హాని జరగలేదు. మూసుకుపోయిన గొట్టం ఆ రెండేళ్లూ మూసుకునే ఉంది, అండాల సంఖ్య మాత్రం ఆగకుండా తగ్గుతూ పోయింది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు.

మీకు ఇష్టమైతే గ్రీన్ టీ తాగండి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. భోజనానికీ, మాత్రలకూ గంట ఎడంగా. పరగడుపున తాగితే కడుపులో తిప్పే వాళ్లు ఏదైనా తిని గంట ఆగాక తాగండి. రుచి నచ్చకపోతే ముక్కు మూసుకుని తాగనక్కర్లేదు, మజ్జిగ తాగండి. నెల తప్పాక కూడా ఒక కప్పుతో ప్రమాదం లేదు. క్యాప్సూళ్లు, 'డిటాక్స్' పొడులు మాత్రం ఆపేయండి.

వీర్య పరీక్షకు వెళ్లేవారికి ఒక్క మాట. ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. నమూనా ల్యాబ్‌లోనే ఇవ్వడం మంచిది. ఇంట్లో ఇస్తే ఒంటి వేడి తగిలేలా చొక్కా లోపల పెట్టుకుని గంటలోపు చేర్చాలి. జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో చేయించుకుంటే సంఖ్య తక్కువ రావచ్చు. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మొదటి రిపోర్టు తేడాగా వస్తే కంగారుపడకుండా డాక్టరు చెప్పిన గడువు ఆగి మళ్లీ చేయించుకోండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబ్‌ల్లో ఈ పరీక్ష చేస్తారు. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే ఇద్దరి పేర్లతో రెండు చీటీలు రాయించుకోండి.